జీపు ఎత్తు పెంచాలంటే... తక్కువ డబ్బుతో ఏది చేయించాలి, ఏది వద్దు?
(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. భౌతిక శాస్త్రం)

వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ పోటీ పరీక్షల గురించో, ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలన్న దాని గురించో వ్యాసాలు వస్తాయి. అవి కావలసినవే. ఈసారి మేము మాత్రం జీపు కమాన్ల గురించి రాస్తున్నాం. నవ్వకండి. మన హాస్టల్లో చదివి డ్రైవింగు మీద, మెకానిక్ పని మీద బతుకుతున్నవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. ఇంటర్ మొదటి సంవత్సరం భౌతిక శాస్త్రంలో హుక్ సూత్రం అని ఒకటి ఉంది. మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేస్తాం. వాళ్ల కడుపు నిండేది మాత్రం రోజూ ఆ సూత్రం మీదే.

మా సీనియర్ అన్న ఒకాయన అప్పు చేసి సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ జీపు ఒకటి కొన్నాడు. నాలుగు వైపులా కమాన్లు ఉన్న పాత రకం. పాడేరు వైపు కొండ ఊళ్ల నుంచి పసుపు, చింతపండు, మిరియాలు, మనుషులు, కోళ్లు, అన్నీ ఎక్కించుకుని సంతకు దింపుతాడు. వానాకాలం మట్టిదారిలో బండి అడుగు రాళ్లకు కొట్టుకుంటోంది. ఒక షెడ్డు వాళ్లు "25,000 ఇవ్వు, నాలుగంగుళాలు లేపేస్తాం" అన్నారట. అన్న మాకు ఫోన్ చేసి, "ఒరే, మీరు పెద్ద చదువులు చదువుతున్నారు కదా, చేయించమంటారా వద్దంటారా?" అని అడిగాడు. మా గదిలో ముగ్గురం ఉంటాం. ఇద్దరం ఫిజిక్స్, ఒకడు మెకానికల్ ఇంజనీరింగ్. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చదువుకున్నావు కదా చెప్పు అని సొంత మనిషి అడిగితే, తెలియదని చెప్పడానికి నోరు రాదు. అలాగని తోచింది చెప్పేస్తే ఆ జీపులో కూర్చునేది పదిమంది. అందుకని రెండు వారాలు లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాం. సెలవు రోజుల్లో గాజువాక ఆటోనగర్లో కమాన్ల పని చేసే చోట నిలబడి చూశాం. ఇప్పుడు రాస్తున్నది అప్పుడు నేర్చుకున్నదే.

ముందు బండి కింద పడుకోండి

ఎత్తు అనేది ఒకటి కాదు. కమాన్ల దగ్గర ఎత్తు పెంచితే కమాన్ల మీద కూర్చున్నవే పైకి లేస్తాయి. అంటే చాసిస్, ఇంజను, గేరుబాక్సు, సైలెన్సరు, ఫుట్‌బోర్డు, బాడీ. ఇరుసు (యాక్సిల్) ఉన్నచోటే ఉంటుంది. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ కూడా అంతే. పాత జీపుల్లో నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఆ డిఫరెన్షియలే. కమాన్లు నాలుగంగుళాలు లేపినా, పది అంగుళాలు లేపినా దాని కింద ఖాళీ వెంట్రుకవాసి పెరగదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. అదీ సగమే లేపుతుంది. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు పైకి వచ్చేది ఒక అంగుళం.

కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత లేపాలి?" కాదు, "ఏది తగులుతోంది?" అన్నది. దీనికి లెక్కలు అక్కర్లేదు. బండి కింద పడుకుని చూస్తే రాయి గీసిన చోట ఇనుము తళతళలాడుతూ కనిపిస్తుంది. అన్నను అలాగే చూడమన్నాం. సైలెన్సర్ గొట్టం వంపు దగ్గర, గేరుబాక్సు కింది పలక మీద, వెనక ఇనుప మెట్టు అంచున గీతలు ఉన్నాయని చెప్పాడు. డిఫరెన్షియల్ మీద పెద్దగా లేవు. అంటే అన్న విషయంలో కమాన్ల దగ్గర ఎత్తు వస్తే కొంత లాభం ఉంటుంది. డిఫరెన్షియల్ మీదే గీతలు ఉండి ఉంటే ఆ 25,000 బూడిదలో పోసిన పన్నీరే అయ్యేది.

గోతిలోకి దిగేటప్పుడు ముందు బంపరు తగలకుండా ఉండే కోణం ఒకటి, ఎక్కి దిగేటప్పుడు వెనక భాగం తగలకుండా ఉండే కోణం ఒకటి, గట్టు దాటుతుంటే బండి నడుము తగలకుండా ఉండే కోణం ఒకటి, మొత్తం మూడు ఉంటాయి. కమాన్లు లేపితే మూడూ పెరుగుతాయి. అయితే బండికి వేలాడుతున్నదాన్ని తీసేసినా పెరుగుతాయి! అన్న జీపు వెనక ఉన్న మెట్టు కంపెనీ ఇచ్చింది కాదు. పాత ఓనరు మనుషులు నిలబడి వేలాడటానికి వెల్డింగు చేయించినది. వెనక కోణాన్ని తినేస్తున్నది అదే.

పోల్చుకోవడానికి ఒక లెక్క. 2020లో వచ్చిన కొత్త థార్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., 2023లో వచ్చిన జిమ్నీకి 210 మి.మీ. కొండలూ వాగులూ ఎక్కడానికే తయారుచేసిన బళ్లు ఈ ఎత్తుతోనే తిరుగుతున్నాయి. నాలుగంగుళాలంటే 100 మి.మీ. పైమాట, ఆ మొత్తంలో దాదాపు సగం. షెడ్డులో "నాలుగే కదా" అంటారు గానీ అది చిన్న కొలత కాదు.

కమాను లెక్క

కమాను అంటేనే విల్లు. ఉక్కు పట్టీలను విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టు వేసి, యూ-బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. ఒక చివర చాసిస్‌కు పిన్నుతో కదలకుండా ఉంటుంది. రెండో చివర షాకిల్ అనే చిన్న ఊగే ముక్కకు ఉంటుంది. బరువు పడితే విల్లు సాగి పొడుగవుతుంది కాబట్టి ఆ చివర ఊగాలి.

బరువు ఎంత పెరిగితే కుంగుడు అంత పెరుగుతుందన్నది హుక్ సూత్రం. ఎంత బరువుకు ఎంత కుంగుతుందన్నది స్ప్రింగు స్థిరాంకం చెబుతుంది. దాన్నే గట్టిదనం అనుకుందాం. కమానులో అది పట్టీల సంఖ్యకు, వెడల్పుకు అనులోమానుపాతంలో ఉంటుంది. మందానికైతే ఘనానికి! అంటే పట్టీ మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. పొడుగు ఘనానికి విలోమం. పదో వంతు పొట్టి చేస్తే గట్టిదనం సుమారు 37 శాతం పెరుగుతుంది. షెడ్డులో కూర్చుని "ఇంకాస్త మందం పట్టీ వేద్దాం" అనేముందు ఈ ఘనం సంగతి గుర్తుండాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పొడుగు 1 మీటరు, వెడల్పు 50 మి.మీ., మందం 6 మి.మీ., పట్టీలు 7. ఉక్కు యంగ్ గుణకం చదరపు మీటరుకు 2 × 10^11 న్యూటన్లు. కమాను సూత్రంలో వేస్తే గట్టిదనం మి.మీ.కి సుమారు 40 న్యూటన్లు వస్తుంది. ఆ కమాను మీద 400 కిలోలు పడితే కుంగేది సుమారు 10 సెం.మీ. బండి ఖాళీగా ఉండి 200 కిలోలే పడితే 5 సెం.మీ. పౌనఃపున్యం లెక్క కడితే నిండు బండి సెకనుకు 1.6 సార్లు, ఖాళీ బండి 2.2 సార్లు ఊగుతుంది. ఖాళీ జీపులో వెనక కూర్చుంటే నడుము విరిగినట్టు ఎందుకుంటుందో, సంత రోజు కిక్కిరిసి ఉన్నా అంత కుదుపు ఎందుకుండదో ఈ రెండు అంకెలు చెబుతాయి. (పరీక్షలో ఈ లెక్క ఇస్తే మన బ్యాచ్‌లో ఒక్కడు కూడా తప్పు చేసేవాడు కాదు, అందరం ఆ జీపులే ఎక్కాం కదా.)

తక్కువ డబ్బు దారులు

షెడ్డుల్లో అన్నిటికన్నా చౌకగా దొరికేది పొడుగు షాకిల్. పాత షాకిల్ తీసి రెండంగుళాలు పొడుగున్నది వేస్తారు. కమాను ఒక చివరే దిగుతుంది, ఇరుసు మధ్యలో ఉంటుంది, కాబట్టి బండి లేచేది ఒక అంగుళమే. రెండంగుళాలకు డబ్బిచ్చి ఒక అంగుళం తెచ్చుకుంటాం. అదొక్కటే అయితే పరవాలేదు. ఒక చివర దిగేసరికి ఇరుసు కూడా కొంచెం తిరుగుతుంది. ముందు చక్రాలకు అది చేస్తే స్టీరింగు తిరిగి తనంతట తాను నిలువుకు వచ్చే గుణం మారిపోతుంది. బండి రోడ్డు మీద అటూ ఇటూ తచ్చాడుతుంది. పొడుగు షాకిల్ పక్కకు ఊగడం కూడా ఎక్కువే.

ఇక దిమ్మ, అంటే బ్లాకు. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడుగు యూ-బోల్టులతో బిగిస్తారు. కమాను ఇరుసు పైన ఉన్న బండికైతే దిమ్మ ఎంతో ఎత్తు అంతా వస్తుంది. ఖర్చు తక్కువ. కానీ బ్రేకు వేసినప్పుడు, గేరు తగిలించి గట్టిగా లాగించినప్పుడు ఇరుసు మెలి తిరగాలని చూస్తుంది. దిమ్మ ఆ మెలికకు గునపంలా సాయం చేస్తుంది. కమాను ఎస్ ఆకారంలో వంగుతుంది. వెనక చిన్న దిమ్మ పెట్టడం కంపెనీలే కొన్ని బళ్లలో చేస్తాయి. ముందు ఇరుసుకు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, ఎందుకంటే బ్రేకు బలం ఎక్కువ పడేది ముందే. దిమ్మ మీద దిమ్మ పెట్టడమైతే ఆలోచించాల్సిన పని కూడా లేదు, వద్దు.

అదనపు పట్టీ. ఉన్న ఏడు పట్టీలకు ఎనిమిదోది చేరుస్తారు. పై లెక్క ప్రకారం గట్టిదనం ఏడో వంతు, అంటే 14 శాతం పెరుగుతుంది. కొత్త పట్టీకి వంపు ఎక్కువ ఉంటే మిగతావాటిని నెట్టి ఒకటి ఒకటిన్నర అంగుళం లేపుతుంది. ఎప్పుడూ సరుకు మోసే బండికి ఇది మంచి మార్గం. ఖాళీగా తిరిగే బండికైతే కుదుపు. ఇక్కడ చూడాల్సింది ఒకటి. చేర్చే పట్టీ పొడుగుగా ఉండి, మిగతావాటితో మందం కలవాలి. పొట్టి మందపు ముక్క ఒకటి మధ్యలో దూర్చితే అది ముగిసేచోట పై పట్టీ విరుగుతుంది. విరిగిన కమాన్లు చాలావరకు అలా ఒక అంచు దగ్గరే విరిగి కనబడ్డాయి మాకు.

షెడ్డు వాళ్లు అన్నకు చెప్పిన నాలుగంగుళాల మార్గం ఇవేవీ కావు. పాత జీపుల్లో కమాన్లు ఇరుసు కింద ఉంటాయి. వాటిని తీసి ఇరుసు పైకి మార్చడం. ఇరుసు గొట్టం లావు, కమాను కట్ట మందం కలిసి నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఒక్కసారి వచ్చేస్తాయి. కొత్తగా కొనేది పెద్దగా ఉండదు కాబట్టి చౌక. సరదాగా బురదలో బళ్లు తోలేవాళ్లు దీన్ని ఇష్టపడతారు. కానీ ఇరుసు మీద కమాను కూర్చునే పీటలు కొత్తగా వెల్డింగు చేయాలి. ఆ వెల్డింగు మీదే బండి మొత్తం నిలబడుతుంది. కోణం ఒక్క డిగ్రీ తప్పినా ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు అరుస్తాయి. స్టీరింగు రాడ్లు వంకర కోణంలో పనిచేస్తాయి కాబట్టి గోతిలో పడ్డప్పుడల్లా స్టీరింగు దానంతటది తిరుగుతుంది. ఇవన్నీ సరిచేస్తే చౌక అన్న మాట మిగలదు. సరిచేయకపోతే బండి మిగలదు.

ముందు కాయిల్ స్ప్రింగులో, టార్షన్ బార్లో ఉన్న బళ్ల గురించి రెండు మాటలు చాలు. కాయిల్ మీద స్పేసర్ పెట్టినా, టార్షన్ బారు బోల్టు తిప్పినా చక్రం కిందికి దిగగల దూరాన్ని ముందే ఖర్చు పెట్టేసినట్టు. గోతిలో చక్రం గాల్లో వేలాడుతుంది. బాల్ జాయింట్లు త్వరగా పోతాయి. చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టే బాడీ లిఫ్టు పెద్ద టైరుకు చోటిస్తుంది తప్ప చాసిస్‌ను నేల నుంచి లేపదు. అన్నకు దానితో పని లేదు.

బోల్తా లెక్క

ఇది మీరు కాగితం తీసుకుని చేయండి. అన్నకు మేము ముందు చెప్పింది ఇదే.

ఎడమ టైరు నుంచి కుడి టైరుకు ఉన్న దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించండి. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే బండి అంత స్థిరం. అర్థం కావడానికి కొలతలు ఇలా అనుకుందాం. టైర్ల మధ్య దూరం 1.3 మీటర్లు, ఖాళీ జీపు గరిమనాభి ఎత్తు 0.70 మీటర్లు. 0.65ను 0.70తో భాగిస్తే 0.93. అంటే సుమారు 43 డిగ్రీలు పక్కకు ఒరిగేదాకా పడదు.

నాలుగంగుళాలు లేపితే ఇరుసు, టైర్లు లేవవు కాబట్టి గరిమనాభి ఒక 8 సెం.మీ. లేస్తుందనుకుందాం. అంకె 0.83కు దిగింది. 40 డిగ్రీలు. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. సంత రోజు చూద్దాం. టాపు మీద బస్తాలు, బస్తాల మీద మనుషులు. గరిమనాభి 0.95కు వెళ్లిందనుకోండి. అంకె 0.68, సుమారు 34 డిగ్రీలు. దానికి ఆ నాలుగంగుళాల లిఫ్టు కూడా కలిపితే 0.63. 32 డిగ్రీలు.

ఇప్పుడు ఘాట్ మలుపు. వ్యాసార్థం 15 మీటర్లు అనుకుంటే, ఖాళీ జీపు ఈ లెక్కన గంటకు 42 కి.మీ. దగ్గర లోపలి చక్రాలు లేపుతుంది. లిఫ్టు చేసి టాపు నిండా ఎక్కించిన జీపు 35 కి.మీ. దగ్గరే లేపుతుంది. అదీ కాగితం మీద. కమాన్లు ఒక పక్కకు కుంగుతాయి, మనుషులు ఒక పక్కకు ఒరుగుతారు, రోడ్డు అంచు దిగి ఉంటుంది, కాబట్టి అసలు వేగం అంతకన్నా బాగా తక్కువ. ముప్పై కి.మీ. వేగం మనకు మెల్లగా పోతున్నట్టే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ అంకెలు వాట్సాప్‌లో పంపితే అన్న సాయంత్రందాకా మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, "మరి రాళ్లు తగిలేదానికి ఏం చేయమంటారు? నేను దించకపోతే ఆ ఊరోళ్లు బస్తాలు నెత్తిన పెట్టుకుని దిగాలి" అన్నాడు. అదీ న్యాయమే. లిఫ్టు వద్దని చెప్పి ఊరుకుంటే మా పని అయిపోదు.

లేపితే ఇంకేవి కదులుతాయి

చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బ్రేకు రబ్బరు గొట్టం చాసిస్ నుంచి ఇరుసుకు వస్తుంది. బండి లేస్తే అది బిగుసుకుంటుంది. చక్రం గోతిలోకి దిగినప్పుడు తెగితే ఆ చక్రాలకు బ్రేకు లేదు. షాక్ అబ్జార్బర్లు (షెడ్డుల్లో అబ్జర్వర్లు అంటారు, అర్థమైతే చాలు) పొట్టివైపోతాయి. అవి పూర్తిగా సాగిపోయి కొట్టుకుంటే కొద్ది నెలల్లో నూనె కారుతాయి. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి, మళ్లీ దించి సర్దాలి.

చాలామందికి తెలియనిది ఒకటి. కొన్ని బళ్లలో వెనక ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య చిన్న రాడ్డుతో ఒక బ్రేకు వాల్వు ఉంటుంది. బండి కుంగితే బరువుందని గ్రహించి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది, లేస్తే తగ్గిస్తుంది. మనం బండిని లేపి ఆ రాడ్డును సర్దకుండా వదిలేస్తే, నిండా మనుషులున్నా వాల్వుకు బండి ఖాళీగానే కనిపిస్తుంది. ఘాట్ దిగేటప్పుడు వెనక బ్రేకు సగమే పనిచేస్తుంది. మీ బండికి అది ఉందో లేదో ముందు చూడండి.

చట్టం సంగతి కూడా చూశాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనరుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా కడతాంలే అనుకోవచ్చు. కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట వెతికేది ఇలాంటి మార్పునే. పదిమందిని ఎక్కించుకునే బండికి, అప్పులో ఉన్న మనిషికి ఆ మాట చిన్నది కాదు. అరిగిపోయిన, కుంగిపోయిన భాగాన్ని కంపెనీ కొలతకు తిరిగి తేవడం మాత్రం మార్పు కిందకు రాదు, అది మరమ్మతు.

మేము చెప్పింది, అన్న చేసింది

మాకు దారి దొరికింది ఆ ఆఖరి మాటలోనే. టేపు పెట్టి కొలవమన్నాం. సమతలంగా ఉన్న చోట బండి ఖాళీగా నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, ఇరుసు గొట్టం పై నుంచి చాసిస్ అడుగు దాకా నాలుగు మూలలా కొలిచాడు. ముందు రెండు వైపులా ఇంచుమించు సమానం. వెనక కుడి కన్నా ఎడమ ఒకటిన్నర సెం.మీ. కిందికి ఉంది. అదే మోడల్, కమాన్లు మార్చి ఎక్కువ కాలం కాని వేరే జీపును పక్కన పెట్టి కొలిస్తే, అన్న బండి వెనక ఎడమ నాలుగున్నర, కుడి మూడు సెం.మీ. తక్కువ వచ్చింది. అంటే ఒకటిన్నర అంగుళం ఎత్తు అన్న దగ్గర ముందే ఉండేది. ఏళ్ల తరబడి బరువులు మోసి కమాన్లు దాన్ని పోగొట్టుకున్నాయి. కొనాలనుకున్న ఎత్తులో మూడో వంతు పైగా ఇంట్లోదే.

ఆటోనగర్లో వెనక కమాను కట్టలు విప్పిస్తే ఎడమవైపు రెండు పట్టీలు విరిగి ఉన్నాయి. కట్టలో బిగిసి ఉండడంతో పైకి తెలియలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. కుంగిన పట్టీని చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి వంపు పెట్టి ఇచ్చేవాళ్లుంటారు. చౌకే, కానీ కొన్ని నెలల్లో మళ్లీ కుంగుతుంది. సరైన పద్ధతిలో పట్టీని ఎర్రగా కాల్చి, వంపు పెట్టి, నూనెలో ముంచి, తర్వాత మళ్లీ సుమారు 450 నుంచి 500 డిగ్రీల దాకా వేడి చేసి మెల్లగా చల్లారనిస్తారు. నూనెలో ముంచడంతో వచ్చిన పెళుసుదనం రెండోసారి వేడి చేయడంతో పోతుంది. రెండో వేడి చేయకుండా ఇస్తే పట్టీ గాజులా విరుగుతుంది. కొలిమి దగ్గర నిలబడి "రెండోసారి వేడి చేస్తున్నారా?" అని అడగడానికి మొహమాటపడకండి. పట్టీకి వెల్డింగు, పట్టీకి కొత్త రంధ్రం, ఈ రెండూ ఎవరు ఎంత బాగా చేస్తామన్నా వద్దు.

విరిగినవాటి బదులు కొత్త పట్టీలు, మిగతావాటికి వంపు, కొత్త బుష్‌లు, కొత్త సెంటర్ బోల్టులు, యూ-బోల్టులు, వెనక రెండు షాక్ అబ్జార్బర్లు వేశారు. పాత యూ-బోల్టులు బాగానే ఉన్నాయి కదా అని అన్న అడిగాడు. ఒకసారి గట్టిగా బిగిస్తే అవి సాగుతాయి, విప్పి మళ్లీ వాడకూడదు. సైలెన్సరును పట్టుకునే రబ్బర్లు రెండు తెగిపోయి గొట్టం జారిపోయి ఉంది. కొత్త రబ్బర్లు వేస్తే దాని చోటికి అది వెళ్లింది. వెనక ఇనుప మెట్టు కోయించేశాడు. అన్నీ కలిపి షెడ్డు చెప్పిన 25,000 లోపలే అయ్యాయి. మిగిలిన డబ్బు టైర్లకు దాచుకున్నాడు. టైర్లు కూడా అదే సైజువి, బురద పట్టు ఎక్కువున్న గాడి రకం చూడమన్నాం. సైజు పెంచితే ఏమవుతుందో ఒక్క లెక్కతో చెప్పొచ్చు. 215/75 ఆర్ 15 బదులు 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం 30 మి.మీ. పెరుగుతుంది, ఇరుసు లేచేది 15 మి.మీ. అందుకు బదులుగా లాగే బలం సుమారు నాలుగు శాతం పోతుంది, స్పీడోమీటరు 60 చూపిస్తే అసలు వేగం 62 పైన ఉంటుంది. పెద్ద టైరు ఆర్‌సీ పుస్తకంలో ఉన్న సైజుకూ కలవదు.

దారిలో ఇంకా రెండు చోట్ల రాయి తగులుతోందట. ఒకచోట ఊరివాళ్లతో కలిసి గాడిలో రాళ్లు పూడ్చారు. రెండోచోట అందరూ దిగి, బండి ఖాళీగా దాటించి, మళ్లీ ఎక్కుతారు. నాలుగు నిమిషాల పని.

మెట్టు తీసేశాక వెనక వేలాడేవాళ్లు లేరు. టాపు సంగతే తేలలేదు. బరువు బస్తాలు లోపల నేల మీద, ఖాళీ బుట్టలు పైన అని అన్న రూలు పెట్టుకున్నాడు. మనుషులను పైకి ఎక్కించనంటే కొందరు వేరే జీపు ఎక్కుతున్నారు. "వాయిదా రోజు మీ లెక్క గుర్తొస్తే కోపం వస్తుంది రా" అన్నాడు మొన్న. దానికి మా దగ్గర సమాధానం లేదు.

మీలో ఎవరి ఇంట్లోనైనా కమాన్ల బండి ఉంటే కొలతలు ఇలా రాసుకోండి: తేదీ, ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. వానలకు ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి కొలవండి. ఎడమకూ కుడికీ తేడా సెంటీమీటరు దాటితే కట్ట విప్పించండి. కమాన్ల పని చేయించాక 500 కి.మీ. తిరిగితే యూ-బోల్టులు మళ్లీ బిగించాలి. అన్న బిగించుకున్నాడు. వెనక రెండు వైపులా అర సెంటీమీటరు దిగిందట. కొత్త పట్టీలు సర్దుకోవడం మామూలే, ఎడమ కుడి మాత్రం సమానంగా ఉన్నాయి.